పన్నెండు మీటర్ల తప్పు

యశ్వంత్‌కి అన్నం సయించడం లేదు. చేసిన పని అలాంటిది మరి.

గనుల ఆఫీసు పని మీద, పలకల క్వారీలున్న ఊళ్లో డ్రోన్ ఎగరేసి, ఆ ఫొటోలన్నీ సాఫ్ట్‌వేర్‌లో కలిపి మ్యాపు తయారుచేశాడు. దాని మీద పాత లీజు మ్యాపు పరిచి చూస్తే, క్వారీ లీజుకి తీసుకున్న ఏడుకొండలు అనే ఆయన తవ్విన గొయ్యి హద్దు దాటి, పక్కనున్న శ్మశానంలోకి పన్నెండు మీటర్లు పోయినట్టు కనబడింది. హద్దురాళ్లు ఎప్పుడో మాయమయ్యాయి. ఆ మూల పాత సమాధుల ఆనవాళ్లు కూడా మిగల్లేదు. ఇక మ్యాపు ఏం చెబితే అదే.

కుర్రాడికి ఉత్సాహం ఎక్కువ. పొద్దున్నే పనివాళ్లు దిగే వేళ చూసుకుని, క్వారీ గట్టు మీద నిలబడి, ట్యాబ్ ఎత్తి చూపించి మరీ చెప్పాడు.

"శ్మశానం తవ్వేశారండీ మీరు. రెండు సెంటీమీటర్లు కూడా తేడా రాని లెక్క ఇది."

"నేను తవ్వలేదు బాబూ" అన్నాడు ఏడుకొండలు. ఎవరు వింటారు? అక్కడ పనిచేసేవాళ్లంతా తమ అమ్మానాన్నల్ని ఆ శ్మశానంలోనే పెట్టుకున్నవాళ్లు. మర్నాడు సగం మంది పనిలోకి రాలేదు. ఆయన భార్య నాగేంద్రమ్మ నీళ్లకి వెళ్తే బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలు ఎత్తుకుని పక్కకి జరిగారు. చచ్చినోళ్లని కూడా వదల్లేదనే మాట ఒకటి ఊళ్లో పుట్టి, ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఒకరోజు యశ్వంత్ అదే మ్యాపులో రైలుకట్ట వైపు చూశాడు. పాత మ్యాపులో ఉన్న చోట అది లేదు. పన్నెండు మీటర్లు పక్కకి ఉంది. రోడ్డూ అంతే, అదే దిక్కుకి. రైలుకట్ట లేచి నడిచి వెళ్లదు కదా. అంటే జరిగింది తన మ్యాపే.

టౌన్లో సర్వే పాఠాలు చెప్పే మస్తాన్ వలీ సార్ వాడికి గురువు. ఈ పని ఇప్పించింది కూడా ఆయనే. పరిగెత్తుకుంటూ వెళ్లి ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టాడు. సార్ కళ్లజోడు పెట్టుకుని సెట్టింగులు తెరిచారు.

సంగతేమిటంటే, పాత మ్యాపు గీసినవాళ్లు భూమి ఆకారాన్ని ఒక లెక్కలో పట్టుకున్నారు, డ్రోన్‌లో ఉండే జీపీఎస్ ఇంకో లెక్కలో పట్టుకుంటుంది. ఆ లెక్కనే డేటమ్ అంటారు. ఒక లెక్కలోంచి రెండో లెక్కలోకి మార్చే సూత్రాలు సాఫ్ట్‌వేర్‌లో వరసగా కనబడతాయి, ఒక్కో ప్రాంతానికి ఒకటి. పేర్లు చూస్తే అన్నీ అన్నదమ్ముల్లాగే ఉంటాయి.

"ఏది నొక్కావు?" అన్నారు వలీ సార్.

"పైనున్నది సార్."

"ఏ దేశానిదో చదివావా?"

చదవలేదు. అది మన దేశానిది కాదు.

"మరి రెండు సెంటీమీటర్లన్నావే?"

"అది ఫొటోలు వాటిలో అవి ఎంత బాగా అతుక్కున్నాయో చెప్పే లెక్క సార్." ఈ మాట చెప్పేటప్పటికి యశ్వంత్ తల బల్ల దాకా వంగిపోయింది.

సార్ సెట్టింగు మార్చే పనిలో పడ్డారు. నాలుగు తిట్టినా బాగుండేది.

సరైన సూత్రం పెట్టి చూస్తే ఏడుకొండలు గొయ్యి హద్దు లోపల బుద్ధిగా కూర్చుని ఉంది. యశ్వంత్ ఆ రోజే కొత్త మ్యాపు ఆఫీసులో ఇచ్చేసి, సాయంత్రం సార్ దగ్గరికి వచ్చాడు.

"ఏడుకొండలు గారికి ఫోన్ చేశాను సార్. తప్పు నాదేనని చెప్పి క్షమించమన్నాను."

"ఏమన్నాడు?"

"సర్లే బాబూ అన్నారు."

"ఊళ్లోవాళ్లకో?"

"ఆఫీసులో మ్యాపు ఉంది కదా సార్, ఎవరైనా చూసుకోవచ్చు." గొంతు తగ్గించి అన్నాడు. "మళ్లీ అక్కడికి వెళ్లాలంటే మొహం చెల్లడం లేదు సార్."

వలీ సార్ తలూపి, వెళ్లేటప్పుడు గది తాళం వెయ్యమన్నారు.

మర్నాడు క్లాసు నిండా పిల్లలున్నారు. సార్ బీరువా తెరిచి, లోపల తడిమి, మూసి వెనక్కి తిరిగారు.

"కొత్త కెమెరా కనబడ్డం లేదు. నిన్న గది తాళం వేసింది యశ్వంతే. ఏం నాయనా, ఇంటికి గానీ పట్టుకుపోయావా?"

అందరూ ఒక్కసారి అటు తిరిగారు.

"నేను తియ్యలేదు సార్."

"కెమెరాకి కాళ్లు రావుగా" అని సార్ పాఠం మొదలుపెట్టేశారు.

ఆ పూట యశ్వంత్ చెవిలోకి ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు. పక్క బల్ల మీదున్న సుస్మిత, పాపం నిన్నటిదాకా వాడితో టిఫిన్ పంచుకున్న పిల్ల, తన బ్యాగు జిప్పు లాగి కాళ్ల సందున పెట్టుకుంది. అది చూశాక భూమిలోకి కూరుకుపోతే బాగుండనిపించింది వాడికి.

మధ్యాహ్నం సార్ వాణ్ణి వరండాలోకి పిలిచారు.

"కెమెరా మా ఇంట్లోనే ఉందిరా అబ్బాయ్. మొన్న నేనే తీసుకెళ్లాను. తప్పు నాది, ఏమీ అనుకోకు."

నిజంగా మర్చిపోయారా, కావాలని అన్నారా అంటే నన్నడక్కండి. నాకూ తెలియదు.

"మరి లోపల వాళ్లకి చెప్పండి సార్."

"నీకు చెప్పానుగా."

"వాళ్లు నన్ను దొంగనుకుంటున్నారు సార్."

"నువ్వు చెప్పుకో. రేపు తెచ్చి బీరువాలో పెడతాను, ఎవరైనా చూసుకోవచ్చు."

అది నిన్న యశ్వంత్ అన్న మాటే.  సార్ కళ్లలోకి చూడలేక గోడ వైపు తిరిగాడు.

వలీ సార్ వాణ్ణి వెంటబెట్టుకుని క్లాసులోకి వెళ్లారు. పొద్దున ఎక్కడ నిలబడి ఆ మాట అన్నారో అక్కడే నిలబడి, ఒక్కొక్కరి మొహమూ చూస్తూ చెప్పారు. "కెమెరా నా దగ్గరే ఉంది. ఈ పిల్లవాణ్ణి మీ అందరి ముందూ ఉత్తపుణ్యానికి దొంగని చేశాను." అని యశ్వంత్ వైపు తిరిగి చేతులు జోడించారు. తెల్లగడ్డం పెద్దాయన అలా చేతులు జోడించేసరికి వాడికి ఏడుపు ఆగలేదు.

తెల్లారి పనివాళ్లు దిగే వేళకి ఇద్దరూ క్వారీ దగ్గరున్నారు. సార్ లారీల దగ్గరే ఆగిపోయారు. యశ్వంత్ ఒక్కడే గట్టు మీదికి ఎక్కాడు. మళ్లీ ఏం కొంప ముంచడానికొచ్చాడోనని జనం మూగారు. ఏడుకొండలు పలకల దొంతర మీద కూర్చున్నాడు, తల ఎత్తలేదు. నాగేంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భర్త పక్కన నిలబడింది.

"ఆ రోజు నేను చెప్పింది తప్పు. ఏడుకొండలు గారు హద్దు దాటలేదు. లెక్క నేనే..."

 మిగతాది కాళ్ల వైపు చూస్తూ గొణిగేసి, గబగబా దిగబోయాడు.

"అబ్బాయ్" అన్న కేక లారీల దగ్గర్నుంచి వచ్చింది. "ఇక్కడ వెనకవాళ్లకి వినపడలేదు."

యశ్వంత్ మళ్లీ గట్టు మీదికి ఎక్కి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.