దివానుగారు చేసిన తేనెపెట్టె

యుద్ధం ముగిసిన ఏడాది, సైనికుల గాయాలకు కట్టే మందులోకి తేనెటీగల జిగురు కావాలన్నాడు ఆస్థాన వైద్యుడు. ఈగలు చెట్ల బంక తెచ్చి గూట్లో అంటించే నల్లటి జిగురు అది.

ఆ పని దివాను నరసరాజు మీదేసుకున్నాడు. ఆస్థాన వడ్రంగి చేత నూరు టేకు పెట్టెలు చేయించాడు. ఈగలు తిరిగే కన్నం తప్ప చీమ దూరే చోటు లేదు. లోపలంతా అద్దంలా నునుపు. తేనెటీగలు పెంచే ఈరక్కను పిలిపించి వాటిలో ఈగల్ని పెట్టించాడు. రెండు నెలలైనా గోరంత జిగురు రాలేదు.

"నీ ఈగలు ఒట్టి సోమరిపోతులు! వచ్చే నెలకీ ఇంతే అయితే నీ తోట లాగేసుకుంటా" అన్నాడు దివాను, రాజుగారి ఎదుటే.

"ఒక్క పెట్టె తమరి చేత్తో చేసివ్వండి దొరా. వడ్రంగి చెయ్యి మాత్రం తగలకూడదు" అంది ఈరక్క.

దివాను పొంగిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక రంపం పట్టినవాడు కాదు. అయినా గరుకు చెక్కలు కోసి, మేకులు కొట్టి, మూడు రోజుల్లో పెట్టె తయారుచేశాడు.

నెల తిరిగాక తెరిస్తే, అందులో వేలి మందాన జిగురు! వైద్యుడు గీకి గిన్నె నింపుకున్నాడు.

"చూశారా ప్రభూ, నా హస్తవాసి!" అని మీసం దువ్వాడు దివాను.

"ముమ్మాటికీ తమరి చలవే" అంది ఈరక్క. "సందు కనబడితేనే ఈగలు జిగురు తెచ్చి పూడుస్తాయి. ఒక్క పెట్టెలో అన్ని సందులు పెట్టడం ఇంకెవరి వల్ల అవుతుంది దొరా?"

రాజుగారు నవ్వాపుకుంటూ, మిగతా తొంభై తొమ్మిదీ దివానునే చేయమన్నారు.