ఆర్జవి పట్టిన పుడిసెడు నీరు

పూర్వం, ద్వాపరయుగం ఇంకా తొలిపాదంలో నడుస్తున్న కాలంలో, శీతవాహినీ నదీతీరాన సారసపురాన్ని రాజధానిగా చేసుకుని, శత్రురాజుల కిరీటమణుల కాంతితో తన పాదపీఠాన్ని వెలిగించుకుంటూ, దానంలోనూ దర్పంలోనూ సాటిలేనివాడై చండవిక్రముడనే మహారాజు ఉండేవాడు. ఆ వంశానికి ఒక కట్టడి ఉంది. మూలపురుషుడు నూరేళ్ళు తపస్సు చేసి రాజ్యం కోరినప్పుడు, జలాధిపతి అయిన వరుణదేవుడు రాజ్యంతోపాటు ఒక దర్భచాపను కూడా చేతికిచ్చి, "నాయనా, సింహాసనానికి ఎడమపక్క దీన్ని పరిపించు. నీవు ఏ ఆజ్ఞ చేసినా, ఈ చాపమీద కూర్చున్నవారు పారే శీతవాహినీ జలాన్ని పుడిసిట పట్టి వినాలి. ఆ నీరు నేలను పడితే ఆజ్ఞ నిలుస్తుంది. వారు తాగేస్తే చెల్లదు. నిలిచిన ఆజ్ఞను తిప్పడం నీ తరం కాదు, మళ్ళీ ఈ చాపమీదివారు నీరు పట్టి తాగవలసిందే" అని శాసించాడు. కాదనే మనిషిని పక్కనే కూర్చోబెట్టుకుని ఏలమన్నాడన్నమాట. తరతరాల రాజులు పళ్ళు నూరుకుంటూనైనా ఆ మాట పాటించారు.

చండవిక్రముని కాలంలో ఆ చాపమీద ఆర్జవి అనే బ్రహ్మవాదిని కూర్చునేది. తల ముగ్గుబుట్ట అయిన తపస్విని, మోకాళ్ళు పట్టేసి లేచేటప్పుడు స్తంభం పట్టుకునేది. పసివాడుగా ఉన్నప్పుడు రాజు ఆమె ఒడిలో ఆడుకున్నవాడే, అందుకని నిండుసభలో కూడా ఆమెను అమ్మా అనే పిలిచేవాడు.

ఒకనాడు రాజు కొలువుతీరి, "మా పేరు ఆచంద్రార్కం నిలిచేటట్టు శీతవాహినికి అడ్డుకట్ట కట్టించి, చండసాగరమనే సరస్సు నిర్మించదలిచాము" అని ఆజ్ఞాపించాడు.

ఆర్జవి నీరు పట్టిన చెయ్యి కదపకుండా, "దిగువన నలభై పల్లెలున్నాయి నాయనా. వాళ్ళేం తాగాలి?" అని అడిగింది.

"వానలు కురుస్తాయి కదమ్మా."

"వాన నీ ఆజ్ఞ వింటుందా?" అని, ఆమె ఆ నీటిని గుటుక్కున తాగేసింది.

రాజు ముఖం కందగడ్డలా అయింది. బ్రహ్మవాదినిని దండిస్తే పాపం, ఊరుకుంటే పరువు పోతుంది. అప్పుడు శ్లక్ష్ణుడనే మహామంత్రి, వెన్న పూసినంత నున్నగా మాట్లాడగల ఆ మహానుభావుడు, రాజు చెవిలో ఒక ఉపాయం ఊదాడు. మర్నాడు ఆర్జవికి పట్టుశాలువ కప్పి, పాదాలు కడిగి, "అమ్మకు వయసు పైబడింది, ఇక విశ్రాంతి" అంటూ మంగళవాద్యాలతో పల్లకీ ఎక్కించి అడవిలోని ఆశ్రమానికి సాగనంపారు. చాపమీద అచ్చంగా ఆమె రూపంలోనే బంగారు ప్రతిమను నిలిపారు. దాని అరచేతిలో సన్నని రంధ్రం పెట్టారు. ఎంత నీరు పోసినా జారిపోతుంది, ఏ ఆజ్ఞ అయినా నిలుస్తుంది. సభాసదులందరూ భేష్ అని తలలూపారు.

అడ్డుకట్ట ఆజ్ఞ నిలిచింది. దాని వెంటనే, కట్ట నిర్మించే స్థపతులు ఏది అడిగినా ఎదురు ప్రశ్న లేకుండా ఇచ్చితీరాలన్న ఆజ్ఞ కూడా నిలిచింది. బొట్లు పడుతూనే ఉన్నాయి, రాజు చెబుతూనే ఉన్నాడు.

రెండేళ్ళు గడిచేసరికి దిగువ శీతవాహిని ఒట్టి ఇసుక అయింది. సంగతి విన్న ఆర్జవి ఆశ్రమం విడిచి, కర్ర పోటువేసుకుంటూ వెళ్ళి జాలరి పల్లెలో కాపురం పెట్టింది. అక్కడి ఆడవాళ్ళు ఏటి ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీటిని చిప్పలతో తోడుకోవడం చూసింది. శాలువ కప్పినప్పుడు తన మనసు ఒక్క క్షణం మురిసిన మాట నిజమే. ఆ పల్లకీ ఎక్కకుండా చాపమీదే భీష్మించుకు కూర్చోవలసిందని రోజూ తనను తాను తిట్టుకునేది.

ఆ పల్లెపెద్ద నూకడు. అతని ఏడేళ్ళ మనవరాలు బురదనీళ్ళు తాగి జ్వరంతో పోయింది. అతడు ఆర్జవి ముందు చేతులు కట్టుకుని, "తల్లీ, నీ నోట్లో తపస్సుంది. ఒక్క మాట శపించెయ్యి. ఆ రాజు బూడిదైపోతాడు, మా ఏరు మాకొచ్చేస్తాది" అన్నాడు.

శాపం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆ వృద్ధురాలు పెదవి కొరికి దాన్ని మింగి, "నాయనా, ఈ రాజు పోతే ఇంకొకడు వస్తాడు. ఆ బొమ్మ అక్కడే ఉంటుంది. నాకు నా చాప కావాలి" అంది. నూకడు ఆ మాటకు తృప్తిపడలేదు, అయినా ఆమె కోసం రోజూ ఒక ముంతెడు చెలమనీరు పెట్టడం మానలేదు.

అక్కడ అడ్డుకట్ట మూడుసార్లు కుంగింది. స్థపతులు జ్యోతిషప్రశ్న పెట్టి చూసి, రాజ్యంలోకెల్లా ఉత్తమవంశపు కన్యను పునాదిలో బలి ఇస్తే తప్ప కట్ట నిలవదని తేల్చి, ఆ కన్యను ఇమ్మని అడిగారు. ఉత్తమవంశపు కన్య అంటే ఇంకెవరు, రాజు ఒక్కగానొక్క కూతురు కుందమాలిక. చండవిక్రముడు గుండె పగిలినవాడై "వద్దు" అన్నాడు. ఇచ్చితీరాలన్న ఆజ్ఞ అతడిదే, ఎప్పుడో నిలిచింది. దాన్ని తాగి తిప్పమని శ్లక్ష్ణుణ్ణి చాపమీద కూర్చోబెట్టి నీరు పోస్తే, ఏళ్ళ తరబడి ఔననడానికే అలవాటుపడిన ఆ చెయ్యి గడగడ వణికి, నీరంతా నేలపాలైంది. మరొకరు కూర్చోవడానికి సాహసించలేదు. బలికి ఇంక రెండు రోజులే గడువు.

అప్పుడా మహారాజు చాపను చుట్టి నెత్తిన పెట్టుకుని, చెప్పులు లేని కాళ్ళతో, మండే ఇసుకలో కోసుల దూరం నడిచి జాలరి పల్లె చేరి, ఆర్జవి పాదాలమీద పడి, "అమ్మా, నా బిడ్డ" అంటూ బలి సంగతంతా చెప్పుకున్నాడు.

నూకడు అడ్డం వచ్చి, "ఆ బలి కానీ తల్లీ. మా కడుపుకోత ఆరికీ తెలవాల" అన్నాడు.

"నీ మనవరాలు చేసిన తప్పేమిటి నూకా?" అంది ఆర్జవి.

"దానికేం తెలుసు తల్లీ. పసిది."

"ఈయన కూతురు చేసిన తప్పూ అంతే."

నూకడు పక్కకు తప్పుకున్నాడు. ఆర్జవి అక్కడే చాప పరిపించి కూర్చుంది. కానీ నీరు ఏది? అడ్డుకట్ట వెనుక నీరు నిలవనీరు, అది పనికిరాదు. పారే నీరు ఆ నేలమీద ఎక్కడా లేదు. నూకడు పైపంచెతో కళ్ళు తుడుచుకుని, లోపలికి వెళ్ళి, ఆ పూటకు ఇంటిల్లిపాదీ తాగడానికి దాచుకున్న ముంత తెచ్చి, "ఇసకకింద ఏరు ఇంకా పారతానే ఉంది తల్లీ" అని ఆమె చేతిలో పోశాడు.

ఆమె ముసలి వేళ్ళను బిగించి పట్టింది. ఒక్క బొట్టు కూడా జారలేదు. ఆర్జవి స్థపతుల ఆజ్ఞను ఉచ్చరించి ఒక పుడిసెడు, అడ్డుకట్ట ఆజ్ఞను ఉచ్చరించి మరొక పుడిసెడు తాగింది. పైన కట్ట విచ్చుకుని, నురుగులు కక్కుతూ శీతవాహిని తన దారిన తాను దిగివచ్చింది. ఆ ప్రవాహమధ్యంలో మకరవాహనుడై, పాశహస్తుడై వరుణదేవుడు సాక్షాత్కరించి వరం కోరుకొమ్మన్నాడు.

"స్వామీ, ఈ చాప ఎన్నడూ ఖాళీగా ఉండకూడదు" అంది ఆర్జవి. "దానిమీద కూర్చున్నవారు భయపడితే పడనీ, వారి చేతిలో నీరు మాత్రం జారకూడదు."

"తథాస్తు. ఏ యుగంలోనైనా, ఏ దేశంలోనైనా, ఏలికకు ఎదురు నిలిచి కాదని చెప్పేవారి పుడిసిట నేనుంటాను" అని పలికి ఆ దేవుడు అంతర్ధానమయ్యాడు.

కుందమాలిక బతికింది, పల్లెల్లో వలలు మళ్ళీ తడిశాయి. చిల్లిచేతి ప్రతిమను రాజు తన శయ్యాగృహంలో, నిద్రలేవగానే కంటపడేచోట పెట్టించుకున్నాడు. ఆర్జవి మళ్ళీ చాపమీదికి వచ్చిన తొలి కొలువులో అతడు లేచి నిలబడి, తడికళ్ళతో, "ఈనాటినుంచి ఆర్జవీదేవిని మా కులదేవతగా కొలిచి, ఆమెకు ఆలయం కట్టించవలసిందిగా ఆజ్ఞాపిస్తున్నాము" అన్నాడు. సభ అంతా చేతులు జోడించి లేచింది.

ఆర్జవి అందరివంకా ఒకసారి చూసి, పుడిసిట పట్టిన నీటిని మెల్లగా తాగేసింది. రాజు తలవంచి, తరువాతి ఆజ్ఞ చదివాడు.

ఈ వృత్తాంతాన్ని శ్రద్ధతో విన్నవారి చేతిలోనూ ఆ నీరు నిలుచుగాక.