కనుమలో వినిపించిన ఈల

గద్దముక్కు కొండ మీద దట్టమైన అడవి ఉండేది. అందులో దుప్పులు, అడవిపందులు, ఒక చిరుతపులి, ఒక రేచుకుక్కల గుంపు ఉండేవి. రేచుకుక్కలు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి ఈల వేస్తాయి. ఈల ఎవరు వేసినా మిగతావన్నీ పరుగున రావాలి. అది తాతలనాటి కట్టుబాటు.

ముసలి నాయకుడు చనిపోగానే గుంపు రెండుగా చీలింది. దాని కొడుకు కెంపు కొండపైన ఉన్నవాటికి నాయకుడైంది. కూతురు చుక్క కింద వాగు దగ్గర ఉన్నవాటికి పెద్దయింది. నిన్నటిదాకా ఒకే వేటను పంచుకు తిన్నవి ఒకదాన్ని చూసి ఒకటి పళ్లు నూరడం మొదలుపెట్టాయి.

కొండకీ వాగుకీ మధ్య ఇరుకు కనుమ ఉంది. అది నాదంటే నాదని ఒక తెల్లవారుజామున కొట్లాడుకున్నాయి. పోరు కాసేపే జరిగింది. కానీ రెండువైపులా కుక్కలు చచ్చాయి. చచ్చినవన్నీ ఒక్క ఇంటివే, పాపం. చుక్క ఓడి వాగు దగ్గరికి వెళ్లిపోయింది.

కెంపుకి కళ్లు నెత్తికెక్కాయి. తన పిల్లల్ని తెచ్చి కనుమలోని గుహలో పెట్టింది. అంతటితో ఊరుకుందా?

"ఇకనుంచి కిందినుంచి ఈల వినిపిస్తే ఎవరూ కదలొద్దు" అని తనవాళ్లకు చెప్పింది. ఈల వినగానే అలవాటు కొద్దీ లేచిన ఒక కుక్క చెవిని కొరికింది కూడా. ఎవరు వేసినా ఈల ఒకలాగే ఉంటుందని ఆ గొప్పవీరుడికి తట్టలేదు.

చుక్క మాత్రం ఈల ఎవరిదైనా వెళ్లాల్సిందేనంది. మనవాళ్లను చంపినవాడి ఈలకు కూడానా అని ఒక ముసలి కుక్క అడిగింది.

"ఆపదలో ఉన్నవాడే కదా పిలిచేది. ముందు వెళ్దాం, పగ సంగతి తర్వాత చూద్దాం" అంది చుక్క.

ఒక సాయంత్రం చిరుత కనుమలోకి వచ్చింది. గుహ ముందు కెంపు ఒక్కటే ఉంది. గట్టిగా ఈల వేసింది. కొండపైన ఉన్నవన్నీ విన్నాయి. ఈల కిందినుంచే వచ్చింది మరి. అన్నీ చెవులు ముడుచుకుని కూర్చున్నాయి.

చిరుత పంజా కెంపు ముందుకాలి మీద పడింది. అప్పుడు వాగు వైపునుంచి చుక్క గుంపు దూసుకొచ్చింది. నాలుగువైపులా చుట్టుముట్టేసరికి చిరుత పారిపోయింది. పిల్లలు బతికాయి.

"కనుమ గెలిచింది నేను కదా చెల్లీ, మావాళ్లెందుకు రాలేదు?" అంది కెంపు.

"రావద్దని నేర్పింది నువ్వే కదన్నా" అంది చుక్క, దాని గాయం నాకుతూ.

ఆ రోజే గుంపు మళ్లీ ఒకటైంది. చుక్క నాయకురాలైంది. ఇప్పటికీ ఎక్కడ ఈల వినిపించినా కెంపు కుంటుకుంటూ బయలుదేరుతుంది. అందరికన్నా చివర చేరుతుంది, కానీ వెళ్లడం మానదు.

నీతి: సొంతవాళ్ల మీద గెలవాలని కట్టుబాటు చెరిపేసినవాడికి, ఆపదలో తన వెంట ఉన్నవాళ్లే తోడు రారు.