రంగడి మందు

ఫలానా జబ్బుకి ఏ మందు మంచిదని అడిగిన శిష్యులకు డాక్టర్ ఓబులేశు గారు మందు పేరు చెప్పిన దాఖలా లేదు. పశువైద్య కళాశాలలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పి, రిటైరయ్యాక నంద్యాలలో చిన్న ఆసుపత్రి పెట్టుకున్నారాయన. అడిగినవాళ్లను వెంటబెట్టుకుని రోగి దగ్గరికి బయల్దేరేవారు. ఆయన దగ్గర చేరి ఎనిమిది నెలలైన రమీజా కూడా ఒక ఉదయం అలాగే అడిగింది.

"నయం కాని కాన్సర్ కుక్కకి నొప్పీ వాపూ తగ్గాలంటే మామూలు నొప్పి మాత్ర మంచిదా సార్, స్టెరాయిడ్ మంచిదా?"

అడగడానికి కారణముంది. బస్ డిపోలో మెకానిక్‌గా పనిచేసే మద్దిలేటి కుక్క రంగడికి ముందరి కాలి ఎముకలో కాన్సర్. ముసలివాడు, కాలు తీసేసే వయసు కాదు. ఉన్నన్నాళ్లు బాధ లేకుండా ఉంచుదామని, రక్తపరీక్ష చేసి, బరువు తూచి, రమీజా పది రోజుల కిందట నొప్పి మాత్రలు మొదలుపెట్టింది. వేరే మందులేమైనా ఇస్తున్నారా అని అడిగింది కూడా. లేదన్నాడు మద్దిలేటి. ఆరో రోజున ఫోన్ చేసి, వాడు గేటు దాకా పరిగెత్తాడు మేడం అని సంబరంగా చెప్పాడు. వేరే మందేమీ పెట్టడం లేదని అప్పుడు కూడా అన్నాడు. 'మాత్ర బాగా పనిచేస్తోంది' అని ఆమె కేసు కాగితం మీద రాసుకుంది. ఇప్పుడేమో రంగడు లేవడం లేదు. రోగం లోపలికి పాకిందనుకుంది రమీజా. "ఇంక వాన్ని బాధపెట్టొద్దు మేడం" అన్నాడు మద్దిలేటి పొద్దున ఫోన్‌లో.

ఓబులేశు గారు చెప్పులేసుకుని కారెక్కారు.

మద్దిలేటి ఇంటి వరండాలో రంగడు గోనెపట్టా మీద పడి ఉన్నాడు. రమీజా శాశ్వతంగా నిద్రపుచ్చే మందును సిరంజిలోకి ఎక్కించింది. మద్దిలేటి రంగడి తల ఒళ్లో పెట్టుకుని మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఓబులేశు గారు వంగి రంగడి పెదవి పైకెత్తి చూశారు. చిగుళ్లు తెల్లకాగితంలా పాలిపోయి ఉన్నాయి. లేచి పెరట్లోకి వెళ్లి, ఉదయం రంగడు విసర్జించిన చోట కాసేపు నిలబడ్డారు. తారులా నల్లగా ఉందక్కడ.

"సూది ఆపు రమీజా," అన్నారు వెనక్కి వచ్చి. "దీని కడుపులో నెత్తురు కారుతోంది." ఆ పైన ఇంట్లోకి వినబడేలా అడిగారు: "ఈ ఇంట్లో మాత్రలు వేసుకునేవాళ్లు ఎవరుండారు?"

మద్దిలేటి తల్లి సుంకులమ్మ గడప దగ్గరికొచ్చింది. "నేనే నాయనా. కీళ్లవాతానికి."

అడగకుండానే ఆమె కొంగుముడి విప్పి మాత్రల పట్టీ చేతికిచ్చింది. "ఇవి ఏసుకుంటే నాకు ఒళ్లు తేలికైతాది. వాడు మూల్గుతాంటే చూడలేక, వారం నుంచి పెరుగన్నంలో కలిపి పెడ్తాండా. పరిగెత్తినాడు కూడా."

రమీజా పట్టీ మీది పేరు చదివింది. స్టెరాయిడ్. తను రాసిన మాత్రతో కలిస్తే కుక్క కడుపును పుండు చేసే మందు. పరీక్షలో ఆ ప్రశ్నకు ఆమెకు పూర్తి మార్కులు వచ్చాయి. ఆమె చేతిలో సిరంజి ఇంకా అలాగే ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా ఆమెకు తోచలేదు. ఇంకో నిమిషం ఆలస్యమై ఉంటే!

"అమ్మా! నాకెందుకు చెప్పలే?" అని అరిచాడు మద్దిలేటి.

"తిడ్తావని."

ఓబులేశు గారు మాత్రం ముసలమ్మను తిట్టలేదు. "నీ మాత్రలు వానికి పెడ్తాంటే, ఈ వారం నువ్వేం ఏసుకుంటివమ్మా?" అన్నారు.

సుంకులమ్మ వాచిన వేళ్లను కొంగులో దాచుకుంది. మద్దిలేటి లేచి, తల్లి చేతులు కొంగులోంచి తీసి చూశాడు.

రంగడికి రెండు మందులూ ఆపేశారు. సెలైనూ, కడుపు పుండుకి మందులూ, నొప్పికి వేరే సూదీ ఇచ్చారు. నాలుగు రోజులు రమీజా ఉదయమూ సాయంత్రమూ ఆ ఇంటికి వెళ్లింది. అయిదో రోజు రంగడు లేచి నీళ్లు తాగాడు. పుండు మానాక, కొంత ఎడం ఇచ్చి, ఒకే ఒక్క మందు, తక్కువ మోతాదులో మొదలుపెట్టారు. ఆ తర్వాత రంగడు రెండు నెలలు బతికాడు. చివరి వారం తప్ప బాధపడలేదు.

సూది ఆపిన ఆ మొదటి రోజు తిరుగుదారిలో రమీజా కారు నడపలేకపోయింది. రోడ్డు పక్కన ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఏడ్చింది.

"నేను అడిగాను సార్. వేరే మందులేమైనా ఇస్తున్నారా అని స్పష్టంగా అడిగాను. లేదని అబద్ధం చెప్పాడు."

"అతను అబద్ధం చెప్పలేదమ్మా," అన్నారు ఓబులేశు గారు. "ఆ కుక్కకి అన్నం పెట్టేది అతను కాదు."