పైడమ్మ దుకాణం పేరుతో వచ్చిన మాట

అనగనగా, రెండు కొండల నడుమ వాగు పారే చోట ఒక అడవి ఉండేది. వాగు ఒడ్డున ఈతచెట్టు మీద ఒక గిజిగాళ్ల జంట కాపురం ఉండేది. మగపిట్ట పేరు సింహాద్రి. పేరు అంత పెద్దదే గానీ, పిట్ట పిడికిట్లో పట్టేంత. ఆడపిట్ట పేరు పైడమ్మ.

వాళ్లది గూళ్లు అల్లి అమ్మే దుకాణం. అల్లిక పని సింహాద్రిది. ఈతాకును సన్నగా చీల్చి, ముడి మీద ముడి వేసి, లోపల తడిమట్టి మెత్తేవాడు. ఎంత గాలికి ఊగినా ఆ గూట్లోంచి గుడ్డు జారేది కాదు. బేరాలన్నీ పైడమ్మవి. ఎవరు ఎప్పుడు గుడ్లు పెడతారు, ఎవరికి వాకిలి చిన్నదిగా ఉండాలి, ఎవరి పిల్లలకు చలి ఆగదు, అన్నీ ఆమెకు గుర్తే.

ఆ అడవిలో అందరికీ ఫోన్లు ఉండేవి. గూడు కావలసినవాళ్లు పైడమ్మ దుకాణానికి మెసేజ్ పెట్టేవారు. ఆమె గూళ్ల ఫోటోలు పంపేది. నచ్చితే అడ్వాన్సుగా కొర్రగింజలు తెచ్చి, ఆమె చెప్పిన చెట్టు తొర్రలో పెట్టి వెళ్లేవారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా దుకాణం సాగిపోయేది.

వానలు దగ్గర పడ్డాయి. దుకాణంలో ఊపిరి సలపనంత పని. అప్పుడు పైడమ్మకు ఒక ఫోన్ వచ్చింది.

"అమ్మా పైడమ్మా, నేను ఫోన్ల ఆఫీసు అప్పలస్వామిని" అంది అవతలి గొంతు.

అప్పలస్వామి ఒక వడ్రంగిపిట్ట. అడవిలో అందరి ఫోన్ల బాగోగులూ చూసేది ఆయనే. గొంతు అచ్చం ఆయనదే. మాటకూ మాటకూ మధ్య వచ్చే టకటక కూడా ఆయనదే.

"మీ దుకాణం నంబరు ఈ పూటతో ఆగిపోతోంది. అలా కాకూడదంటే ఇప్పుడు మీకు ఒక ఓటీపీ వస్తుంది. అది నాకు చదివి చెప్పండి, చాలు" అంది ఆ గొంతు.

"మా ఆయన ఈతాకు కోసం వెళ్లాడు. వచ్చాక అడిగి చెబుతాను బాబూ" అంది పైడమ్మ.

"మీ ఇష్టం. ఈలోగా నంబరు పోతే మాత్రం నన్ను అనకండి. వానల ముందు వచ్చిన ఆర్డర్లన్నీ పోతాయి."

గూడు కోసం ఎదురుచూస్తున్న తల్లులందరూ పైడమ్మ కళ్ల ముందు మెదిలారు. ఓటీపీ వచ్చింది. గబగబా చదివి చెప్పేసింది.

అంతే. ఆ తర్వాత దుకాణానికి ఒక్క మెసేజ్ కూడా రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఉడుత వచ్చింది.

"పిన్నీ, నువ్వు చెప్పినట్టే గింజలు కొత్త తొర్రలో పెట్టాను. నా గూడు ఎప్పుడిస్తావు?" అని అడిగింది.

"ఏ కొత్త తొర్ర?" అంది పైడమ్మ.

"కొండ కింద చింతచెట్టు తొర్ర. నిన్న నువ్వే కదా మెసేజ్ పెట్టావు?"

పైడమ్మ ఫోన్ తెరిచి చూసింది. 'మీ ఖాతా వేరే ఫోన్‌లో నడుస్తోంది' అని ఉంది. కనెక్షన్ ఇచ్చిన రోజు అప్పలస్వామి చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. "ఓటీపీ ఎవరడిగినా చెప్పకమ్మా. నేను అడిగినా చెప్పకు" అన్నాడాయన. నిన్న మాట్లాడింది ఆయన కాదని ఆమెకు తెలిసిపోయింది.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. కానీ సిగ్గు అడ్డొచ్చింది. ఇన్నేళ్లుగా దుకాణం నడుపుతున్నదాన్ని ఇంత తేలిగ్గా మోసపోయానంటే నవ్వరూ? మా దగ్గర ఇంకెవరు కొంటారు? అనుకుంది.

"అలాగేలే తల్లీ. గూడు ఇస్తాం" అని ఉడుతను పంపేసింది. సింహాద్రికి కూడా ఏమీ చెప్పలేదు. గుట్టుగా ఒక గూడు ఎక్కువ అల్లిస్తే సరిపోతుందని మనసుకు సర్దిచెప్పుకుంది.

మధ్యాహ్నం గువ్వ వచ్చింది. అదీ చింతచెట్టు తొర్రలోనే గింజలు పెట్టిందట. పైడమ్మ దానికీ అదే మాట చెప్పి పంపింది.

పొద్దువాలే వేళకు పిచ్చుక నూకాలు వచ్చింది. నేడో రేపో గుడ్లు పెట్టేలా ఉంది, పాపం. ఆయాసపడుతూ కొమ్మ మీద వాలింది.

"అత్తా, మొత్తం గింజలు ఇస్తేనే గూడు అని మెసేజ్ పెట్టావు కదా. పిల్లల కోసం దాచుకున్నవి కూడా తెచ్చి ఆ తొర్రలో పోశాను. గూడు మాత్రం వానలోపు ఇచ్చెయ్యి" అంది.

పైడమ్మకు తన తప్పు తెలిసొచ్చింది. పొద్దున ఉడుతకు నిజం చెప్పి ఉంటే, నూకాలు గింజలు నూకాలు దగ్గరే ఉండేవి. దొంగ ఒకడు దోచుకుంటుంటే, తను నోరు మూసుకుని వాడికి కాపలా కాసినట్టయింది.

"ఇక్కడే కూర్చో అమ్మా" అని, సింహాద్రిని పిలిచింది. ఇద్దరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

సింహాద్రి చేతిలో ఉన్న అల్లిక పక్కన పెట్టి ఆమె దగ్గరికి జరిగాడు.

"పొద్దుటి నుంచి ఇదంతా ఒక్కదానివే మోస్తున్నావా, పైడీ?"

"అందరికీ తెలిస్తే దుకాణం పోతుందయ్యా."

"దుకాణం పోతే మళ్లీ అల్లుకుందాం. ఈ తల్లుల గింజలు పోతే పిల్లలేం తింటాయి? పద, నేనూ వస్తాను."

ఇద్దరూ బయలుదేరారు. చెట్టు చెట్టుకూ వెళ్లి పైడమ్మ తన నోటితోనే చెప్పింది. "మా దుకాణం ఫోన్ దొంగ చేతిలో పడింది. నేనే పొరపాటున ఓటీపీ చెప్పాను. మా పేరుతో ఏ మెసేజ్ వచ్చినా, చివరికి ఫోన్‌లో నా గొంతే వినిపించినా నమ్మకండి. గింజలు ఎక్కడా పెట్టకండి."

ఒక కాకి పకపకా నవ్వింది. "ఇక మీ గూళ్లు ఎవరు కొంటారు?" అంది. పైడమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఆగలేదు, పక్క చెట్టుకు వెళ్లింది. నెత్తిన మూటతో చింతచెట్టు వైపు నడుస్తున్న కౌజుపిట్ట ఆ మాట విని, అక్కడికక్కడే వెనక్కి తిరిగింది.

చివరికి అప్పలస్వామి దగ్గరికి చేరారు. ఆయన అంతా విని, ముందు ఆ ఖాతా ఆపేశాడు.

"ఫోన్ మూగబోయినప్పుడే రావలసింది తల్లీ. పోనీలే, ఇప్పటికైనా వచ్చావు" అన్నాడు.

అందరూ కలిసి చింతచెట్టు దగ్గరికి వెళ్లారు. తొర్రలోంచి పైడమ్మ గొంతు వినిపించింది. "కౌజమ్మా, త్వరగా రావాలి, గూళ్లు అయిపోతున్నాయి" అంటోంది. బయట నిలబడ్డ పైడమ్మ నోరు మెదపనేలేదు. అందరూ ఆమె వైపు చూశారు.

అప్పలస్వామి తొర్రలోకి తొంగి చూశాడు. కొర్రల కుప్ప మీద కూర్చుని, కాల్ కలవని ఫోన్‌ను అటూఇటూ తిప్పుతూ, పైడమ్మలా మాట్లాడుతోంది గోరింక. ఎవరి గొంతయినా ఇట్టే పట్టేసే పిట్ట అది.

"నేనేం లాక్కోలేదు. నేను అడిగాను, వాళ్లు ఇచ్చారు" అంది గోరింక.

"వాళ్లు ఇచ్చింది పైడమ్మకు. నీకు కాదు" అన్నాడు అప్పలస్వామి.

గోరింక ఫోన్ తీసేసుకున్నారు. ఎవరి గింజలు వాళ్ల గూటికి దాని చేతే మోయించారు. అది తినేసిన గింజలు మాత్రం తిరిగి రాలేదు. ఆ లోటు పైడమ్మ తన గాదె నుంచి పూడ్చింది. అడగకుండానే ఉడుతకూ, గువ్వకూ, నూకాలుకూ గూళ్లు సిద్ధం చేయించింది.

ఆ తర్వాత దుకాణానికి కొత్త పద్ధతి పెట్టుకున్నారు. తొర్ర మారిస్తే ఆ కబురు ఫోన్‌లో రాదు, ఇద్దరిలో ఒకరు స్వయంగా వెళ్లి చెబుతారు. ఎవరైనా తొందరపెడితే, ఆ పని ఆ పూటకు చెయ్యరు. ఏ సందేహం వచ్చినా ముందు ఒకరికొకరు చెప్పుకుంటారు.

వాన మొదలైంది. నూకాలు కొత్త గూట్లో వెచ్చగా కూర్చుంది. చూడటానికి వచ్చిన పైడమ్మతో, "అత్తా, వచ్చే ఏడు మా చెల్లెలికీ నీ దగ్గరే గూడు చెప్పుకుంటాం" అంది.

"ఇంత జరిగాక కూడానా?" అంది పైడమ్మ.

"మోసం ఎవరికైనా జరుగుతుంది. నువ్వు మా గుమ్మంలోకి వచ్చి చెప్పావు. అలా చెప్పేవాళ్ల దగ్గరే మాకు ధైర్యం" అంది నూకాలు.

పైడమ్మ తడి రెక్కలు దులుపుకుని, గూట్లోకి తల పెట్టి గుడ్ల వంక చూసింది. లోపల ఒక్క చుక్క నీరు కూడా దిగలేదు.

నీతి: తొందరపెట్టే గొంతు ఎంత తెలిసినదైనా రహస్య సంఖ్య చెప్పకూడదు; ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే నలుగురికీ చెప్పాలి.