మూడు కిటికీలు, ఒక ట్రాన్సాక్షన్

నబీరసూల్ రాసిన ప్రోగ్రాములో తప్పేమీ లేదు. అతని బాధంతా అదే.

కొండ కింది దర్గాలో ప్రతి గురువారం ఉచితంగా మందులిస్తారు. మూడు కిటికీలు, మూడు కంప్యూటర్లు, వెనకాల ఒకటే డేటాబేస్. మొదట్లో, పని మధ్యలో కరెంటు పోయిందంటే చిక్కే. మందు తీసుకున్న మనిషి పేరు ఎక్కేది, నిల్వలో మందు తగ్గేది కాదు. అలా ఒకనాడు తెర మీద మూర్ఛ మాత్రలు కనిపించాయి, డబ్బాలో లేవు. పొద్దుటినుంచి నిలబడ్డ ముసలమ్మ ఉత్త చేతులతో వెళ్లిపోయింది. ఆ పూట నబీరసూల్‌కు ముద్ద దిగలేదు.

అప్పుడు గురువు మస్తాన్‌వలీ బాబా అతనికి ట్రాన్సాక్షన్ అంటే ఏమిటో నేర్పాడు. పాలిటెక్నిక్‌లో ఇరవయ్యేళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పి, ఆనక ఫకీరైన మనిషి ఆయన.

"మొదలుపెట్టినావా, అన్నీ జరగాల. ఒక్కటి చెడినా ఏదీ జరగనట్టు వెనక్కి పోవాల."

నబీరసూల్ ఆ మాటను ప్రాణంలా పట్టుకున్నాడు. రోగి కిటికీ ముందుకు రాగానే ట్రాన్సాక్షన్ మొదలు. అడిగిన మందును నిల్వలో తగ్గించి, పేరూ ఊరూ నలతా అడిగి రాసుకుని, పొట్లం చేతికిచ్చాకే ముగింపు. ఇక ఆవగింజంత తేడా వస్తే ఒట్టు. కొన్నాళ్లు అతని కాళ్లు నేలమీద ఆనలేదు లెండి.

ఇంతలో వానలు పట్టాయి. ఊళ్లకు ఊళ్లు జ్వరాన పడ్డాయి. మూడు కిటికీల దగ్గరా అడిగేది ఒకటే మందు. మొదటి కిటికీలో ఒక పెద్దాయన తన జ్వరం పుట్టుపూర్వోత్తరాలన్నీ ఏకరువు పెడుతుంటే, ఆయన ట్రాన్సాక్షన్ ముగిసేదాకా ఆ మందు నిల్వకు తాళం పడ్డట్టే, ఇంకే కిటికీ నుంచీ దాన్ని ముట్టుకోవడానికి లేదు. మిగతా రెండు తెరలూ బిగుసుకుపోయాయి. మూడో వరుసలో ఒక తల్లి, ఒళ్లు కాలిపోతున్న బిడ్డను చంకనేసుకుని గంటసేపు నిలబడింది. చివరికి బాబానే లేచి మందు తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాడు.

దర్గా పెద్దలు ఒకటే మాటన్నారు. "వచ్చే వారం గూడా ఇట్లే అయితే ఆ కొత్తదేందో తీసేసి పాతదే పెట్టేయ్."

పాతదంటే మళ్లీ ఎవరో ఒకరు ఉత్త చేతులతో పోవడమే. నబీరసూల్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"సామీ, ట్రాన్సాక్షన్ తీసేస్తే లెక్క తప్పుతాది. ఉంచితే జనం నిలబడిపోతారు. రెండింట్లో ఏ పాపం చేయమంటారు?"

"ఆకలైతాంది, పద," అన్నాడు బాబా.

భోజనాలు మూడు పంక్తులుగా సాగుతున్నాయి. పప్పు గుండిగ ఒకటే, గరిటె కూడా ఒకటే. ఏ బకెట్టు నిండాలన్నా ఆ గరిటెతో తోడాల్సిందే. బాబా వెళ్లి గరిటె అందుకుని, నిండుగా పప్పు తీసుకుని, మొదట కూర్చున్న మనిషి ముందు నిలబడ్డాడు.

"ఏ ఊరు నాయనా?"

"నల్లగుట్టపల్లె సామీ."

"వానలెట్లున్నాయి? ఏం పైరు పెట్టినావు?"

ఆ మనిషి సంబరంగా వేరుశనగ సంగతి ఎత్తుకున్నాడు. బాబా తల ఊపుతూ వింటున్నాడు. గరిటె గాలిలోనే ఉంది. వడ్డించేవాళ్లు ఖాళీ బకెట్లతో గుండిగ చుట్టూ నిలబడ్డారు. మిగతా పంక్తుల్లో విస్తళ్లలో అన్నం చల్లారిపోతోంది. "పప్పు నాయనా, పప్పు!" అని ఎవరో అవ్వ కేకేసింది. బాబా తీరిగ్గా, ఎరువు ఏం వేశావని అడిగాడు.

నబీరసూల్ ఓర్చుకున్నాడు, ఓర్చుకున్నాడు, ఇక ఉండబట్టలేకపోయాడు.

"అడిగేదంతా ముందే అడగండి సామీ! వడ్డించేటప్పుడు పట్టుకుందురు గరిటె!"

అనేసి, తన మాట తనకే వినబడినట్టు గిరుక్కున మందుల కిటికీల వైపు తిరిగాడు.

బాబా విస్తట్లో పప్పు వడ్డించి గరిటె అతనికిచ్చాడు. నబీరసూల్ మూడు పంక్తులకూ అందేదాకా తోడి, తాను తినకుండానే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ట్రాన్సాక్షన్ మొదలయ్యే చోటును పైనుంచి తీసి ప్రశ్నలన్నిటి కిందికి మార్చాడు. నిల్వ చూడటం, తగ్గించడం, పేరు ఎక్కించడం, ముగించడం మాత్రం దాని తర్వాత కలిసే ఉన్నాయి.

మరుసటి గురువారం మూడు వరుసలూ మధ్యాహ్నం నమాజుకు ముందే ఖాళీ అయ్యాయి. డబ్బాలు విప్పి చూస్తే లెక్క సరిగ్గా ఉంది.

"ఇంత చిన్న సంగతి నాకు ఆ పొద్దే చెప్పుండొచ్చు కదా సామీ?" అన్నాడు నబీరసూల్, కాస్త నిష్ఠూరంగా.

"నేను ఈపొద్దుకీ చెప్పలేదే," అన్నాడు బాబా. "అరిచింది నువ్వు."