వీరవేణి మట్టి బూరెలు

అనగా అనగా, గోదారి కాలవ పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో బస్సులు ఆగే చోట అబ్బులు గారి టిఫిన్ హోటలు. ఇలా దగ్గరికి జరుగు పండూ, దుప్పటి సరిగ్గా కప్పుకో. ఊఁ కొడుతూ వినాలి. ఊఁ కొట్టకపోతే ఆపేస్తాను, నా సంగతి తెలుసుగా.

ఆ హోటల్లో గల్లాపెట్టె పక్కన ఒక పెద్ద గాజుతొట్టి ఉండేది. అందులో చేపలు. తిండి తిననని మొండికేసే పిల్లలంతా ఆ తొట్టి ముందు కూర్చుని, నోరు తెరుచుకుని చూస్తూ, తెలీకుండానే ఇడ్లీలు మింగేసేవారు. అచ్చం నీలాంటివాళ్ళే.

ఆ తొట్టిలో ఒక లావుపాటి నల్ల చేప. పొట్టేసుకుని అటూ ఇటూ పెత్తనం చేస్తూ తిరిగేది. అందుకని దాన్ని అందరూ ప్రెసిడెంటు గారు అని పిలిచేవారు. ఇంకోటి గప్పీ చేప. చిటికెన వేలంత కూడా ఉండదు, తోక మటుకు నారింజరంగు. అడుగున ఇసుకలో రిబ్బన్ల లాంటి పొడుగాటి ఆకులున్న నీటిమొక్కలు. ప్లాస్టిక్‌వి కాదు, ప్రాణమున్నవే.

ఆ తొట్టి బాగోగులు చూసేది అబ్బులు గారి కూతురు వీరవేణి. నీకంటే కొంచెం పెద్దది, అంతే. పిల్ల చిన్నదే గానీ పట్టు మాత్రం ఉడుంపట్టు.

మొదట్లో మొక్కలు పచ్చగానే ఉన్నాయి. ఆ తర్వాత ఏమైందో ఏమో, ఆకులు పసుపెక్కాయి. చిల్లులు పడ్డాయి. ఒక్కోటీ ఊడి పైకి తేలడం మొదలెట్టాయి. సరిగ్గా అప్పుడే గప్పీ పిల్లల్ని పెట్టింది. గప్పీ గుడ్లు పెట్టదు పండూ, ఏకంగా పిల్లల్నే కంటుంది. ఆవగింజకి రెండు కళ్ళు పెట్టినట్టుంటాయి. పాపం, వాటికి దాక్కోవడానికి ఒక్క ఆకు సరిగ్గా లేదు. ప్రెసిడెంటు గారు ఒక చుట్టు తిరిగాడు. ఇంకో చుట్టు తిరిగాడు. మూడో చుట్టు తిరిగేసరికి తొట్టిలో ఒక్క పిల్లా లేదు.

వీరవేణి గుక్కపెట్టి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, పరికిణీతో మొహం తుడుచుకుని, తొట్టి ముందుకొచ్చి నిలబడింది.

"ప్రెసిడెంటు గారూ, ఈసారి మీ ఆటలు సాగనివ్వను. ఈ మొక్కల్ని బతికిస్తాను. చూస్తూ ఉండండి," అంది.

మొక్కలకి తిండి పెట్టాలి, అది దానికి తెలుసు. ఏం పెట్టాలి? సలహాలు చెప్పేవాళ్ళకి ఏ ఊళ్ళో కొదవ చెప్పు?

ముందు పక్కింటి మంగతాయారు వచ్చింది. "మా కరేపాకు చెట్టుకి పుల్లమజ్జిగే పోస్తానే అమ్మాయ్. ఎంత గుబురుగా ఉందో చూశావుగా! ఓ గ్లాసుడు పోసి చూడు," అంది. వీరవేణి పోసింది. సాయంత్రానికి నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. ఒకటే పులిసిన కంపు. అప్పుడు వీరవేణి పరికిణీ ఎగదోపి, బకెట్టు అందుకుంది. సగం నీళ్ళు తోడి పారబోసి, ముందురోజు పట్టి ఉంచిన పంపునీళ్ళు మెల్లగా పోసింది. మర్నాడు మళ్ళీ అదే పని. నీళ్ళు తేటపడ్డాక, "సరే, మళ్ళీ చూద్దాం," అంది.

ఆ తర్వాత టీ మాస్టరు దావీదు వచ్చాడు. "పాపా, మా ఇంటి గులాబీలకి నేనేసేది వాడేసిన టీపొడే. ఒక్కో పువ్వూ ఇంతుంటది!" అన్నాడు. వీరవేణి వేసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. బస్సు దిగిన ఒకాయన తొట్టిలోకి తొంగి చూసి, "పంచదార వేశారా?" అని అడిగాడు. హోటలంతా గొల్లుమంది. వీరవేణికి నవ్వు రాలేదు. బకెట్టు అందుకుంది. "సరే, మళ్ళీ చూద్దాం," అంది.

అప్పుడు ఎరువుల కొట్టు గంగరాజు వచ్చాడు. "వరి కూడా నీళ్ళల్లోనే కదమ్మా పెరిగేది. దానికేసేదే దీనికీనూ," అంటూ చెంచాడు యూరియా పలుకులు చేతిలో పెట్టాడు. వీరవేణి అవీ వేసింది. ఏమైందో తెలుసా? మొక్క తినలేదు, పాచి తింది! గాజు కనబడనంతగా పచ్చటి పాచి అల్లుకుపోయింది. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఊపిరి కోసం కొట్టుకున్నాయి. వీరవేణి గబగబా బకెట్టు అందుకుంది. పొద్దునా సాయంత్రం నీళ్ళు మారుస్తూనే ఉంది. చేపలు బతికి బయటపడ్డాయి.

అది చూసి అబ్బులు గారికి కోపం నషాళానికి అంటింది.

"జనం ముక్కు మూసుకుని ఇడ్లీ తింటున్నారే! అమ్మవారి తీర్థం నాటికి ఈ మొక్కలు తేరుకుంటే సరేసరి. లేదంటే చేపల్ని కాలవలో వదిలేసి, ఇక్కడ కూల్‌డ్రింకుల పెట్టె పెట్టిస్తాను," అన్నాడు.

కాలవలో కొర్రమేనులుంటాయి పండూ. గప్పీ వాటికి ఒక్క గుటక. అదీగాక అప్పటికే గప్పీ మళ్ళీ కడుపుతో ఉంది.

ఏంటీ? తల్లిని సీసాలో పెట్టొచ్చు కదా అంటావా? నీకొచ్చిన ఆలోచన ఆ పిల్లకి రాదా? పెట్టింది. ఆ గప్పీ తిండి ముట్టలేదు, గాజుకేసి ముక్కు కొట్టుకుంటూనే ఉంది. చూడలేక మళ్ళీ తొట్టిలోనే వేసేసింది.

"ఈసారి ఎవరి మాటా వినను. నేనే చూస్తాను," అనుకుని, వీరవేణి పీట వేసుకుని తొట్టి ముందు కూర్చుంది. బడి నుంచి రావడం, కూర్చోవడం. అలా చూడగా చూడగా, మూలన ఉన్న ఒక బుల్లి మొక్క కంటబడింది. మిగతావన్నీ పసుపెక్కినా అదొక్కటీ పచ్చగా ఉంది!

అదేమిటా అని వీరవేణి అక్కడి ఇసుక వేలితో కదిపింది. ఇసుక తెల్లగా లేదు, నల్లగా ఉంది. చేపల మలం, మురిగిన ఆకులు, అన్నీ ఆ మూలకి చేరి ఇసుకలోకి దిగిపోయాయన్నమాట. ఆ తర్వాత ఒక పసుపు మొక్కని మెల్లగా పైకి లాగింది. తెల్లటి వేళ్ళు జానెడు పొడుగున్నాయి. పాపం, తిండి కోసం వెతుక్కుంటూ అంత దూరం పోయాయి. అక్కడ ఏముంది? తొట్టి పెట్టిన కొత్తలో నాన్నా కూతురూ కలిసి ఆ ఇసుకని తళతళలాడేలా కడిగి పోశారు మరి.

"అందరం నీళ్ళకే పెట్టాం. మొక్కకి ఎవరమూ పెట్టలేదు!" అంది వీరవేణి.

అయితే నీళ్ళు పాడవకుండా వేళ్ళ దగ్గరికి తిండి చేర్చేదెలా? ఆ ఆలోచనతోనే వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ అబ్బులు గారు హోటలుకి బూరెలు వండుతున్నాడు. పూర్ణం ఉండని పిండిలో ముంచుతున్నాడు, నూనెలో వేస్తున్నాడు. లోపలి పూర్ణం బయటికి రావడంలేదు. వీరవేణి కళ్ళు ఇంతయ్యాయి!

ఒక్క పరుగున కాలవ గట్టుకి పోయి బంకమన్ను తెచ్చింది. మంగతాయారు పెరట్లో బాగా మాగిన పశువుల ఎరువు గుప్పెడు అడిగి తెచ్చింది. చిటికెడు ఎరువు లోపల పెట్టి, చుట్టూ మన్ను అద్ది, ఉండ చేసింది. నీళ్ళ గ్లాసులో వేసి చూసింది. విడిపోయింది. ఇంకోటి చేసింది. అదీ విడిపోయింది.

అబ్బులు గారు ఓరకంట చూస్తూనే ఉన్నాడు. కోపమైతే కోపమే గానీ, బూరె పగలడం ఆయన చూడలేడు.

"అలా కాదే. పూర్ణం తగ్గించు. మన్ను పగుళ్ళు లేకుండా మెత్తగా పిసుకు. లోపలిది పిసరంత కూడా బయటికి కనబడకూడదు," అని, చెయ్యి కడుక్కొచ్చి మూడో ఉండ తానే చుట్టాడు.

అది విడిపోలేదు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి రేగ్గింజంత ఉండలు చుట్టి, ఎండలో గట్టిగా ఎండబెట్టారు. వీరవేణి ఒక్కో మొక్క మొదట్లో ఒక్కో ఉండని పెట్టి, పుల్లతో అడుగుదాకా నొక్కి, పైన ఇసుక కప్పింది. నీళ్ళు తేటగానే ఉన్నాయి. ఇంకో నాలుగు వెయ్యాలని చెయ్యి దురద పెట్టింది. వెయ్యలేదు. అక్కడ నాకు ఆ పిల్ల మహా నచ్చింది. పెట్టడం అందరూ పెడతారు, ఆగడం ఎంతమందికి చేతనవును?

కొన్నాళ్ళకి తీర్థం రానే వచ్చింది. రిక్షాలో కూల్‌డ్రింకుల పెట్టె కూడా వచ్చింది. మంగతాయారు, దావీదు, గంగరాజు ముగ్గురూ తొట్టి ముందు చేరారు. "అదే పసుపు. అవే చిల్లులు," అని పెదవి విరిచారు. అబ్బులు గారు తువ్వాలు దులిపాడు.

వీరవేణి తొట్టికి అడ్డంగా నిలబడింది. "నాన్నా, పాత ఆకుల్ని చూడకు. పడిన చిల్లు మళ్ళీ పూడదు. మొక్క నడిమధ్యలో చూడు," అంది.

అబ్బులు గారు వంగి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మొక్క మొదట్లో, నీ గోరంత, లేత ఆకు. ఒక్క మచ్చ లేదు. దాని పక్క మొక్కలోనూ ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. కొత్తవన్నీ పచ్చగా!

ఆయన లేచి, రిక్షావాడితో, "ఆ పెట్టె వెనక వరండాలో పెట్టవయ్యా, ఇక్కడ ఖాళీ లేదు," అన్నాడు.

పోనుపోను ఆ గోరంత ఆకులు వేలంత అయ్యాయి, మూరెడయ్యాయి. మొక్కలకి పిలకలు వచ్చాయి. తొట్టి అడుగంతా గుబురైపోయింది. ఒకనాటి పొద్దున గప్పీ ఆ గుబురులోకి పోయి పిల్లల్ని పెట్టింది. ప్రెసిడెంటు గారు ఒక చుట్టు తిరిగాడు. ఆకుల్లోకి ముక్కు దూర్చాడు, పొట్ట పట్టలేదు. మూడో చుట్టుకి ఉసూరుమంటూ వెనక్కి పోయాడు.

అన్నీ బతికాయా అంటే, నీకు అబద్ధం చెప్పను. ఒకటో రెండో పోయే ఉంటాయి. మిగతావన్నీ ఆకుల సందుల్లోంచి బుల్లి బుల్లి కళ్ళతో చూస్తూ కనిపించాయి. వీరవేణి పగలబడి నవ్వింది, వెంటనే ఏడ్చేసింది కూడా.

ఆ రోజు బస్సు దిగినవాళ్ళు హోటల్లో గోలగోలగా మాట్లాడుతున్నారు. ఒక కుర్రాడు తొట్టి గాజు మీద టకటకా కొట్టాడు. అబ్బులు గారు పెనం మీద అట్టు అట్టే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. నోటి మీద వేలుంచుకుని, "ఉష్! నెమ్మదిగా మాట్లాడండి బాబూ. లోపల పసిపిల్లలున్నారు," అన్నాడు.

ఊఁ అనవేం పండూ? నిద్రొచ్చేసిందా? అయితే ఇది ఒక్కటీ విని పడుకో.

మట్టిబూరె వేరు పక్కకి,
పచ్చనాకు పైపైకి,
చేపపిల్ల ఆకు చాటుకి,
కథేమో కంచికి, కన్నేమో నిద్దరకి.